ఒక్క దుబ్బు చాలు: మన నేల గడ్డి జాతులను ఇంటి తోటలో వృద్ధి చేసుకునే విధానం

పశువుల మేతకు గడ్డి కావాలి, పూరింటి కప్పుకు గడ్డి కావాలి, వాకిలి ఊడ్చే చీపురుకూ వినాయకుడి పూజకూ గడ్డే కావాలి. అదే పెరట్లో మొక్కలు పెట్టేటప్పుడు మాత్రం గడ్డి కనిపిస్తే పీకి పారేస్తాం. ఈ మధ్య అలంకరణ గడ్డి అనే మోజు మొదలయ్యాక నర్సరీల్లో ఆఫ్రికా నుంచి వచ్చిన ఫౌంటెన్ గ్రాస్, దక్షిణ అమెరికా పంపాస్ గ్రాస్ కుండీల్లో కనిపిస్తున్నాయి. వాటికి ఏమాత్రం తీసిపోని గడ్డి జాతులు మన ఏటి ఒడ్డునా, కొండవాలులోనా, పొలం గట్టునా ఉన్నాయి. పైగా ఇవి మన ఎండకూ మన వానకూ అలవాటు పడినవి. మరో సౌకర్యం, ఒక్క ఆరోగ్యమైన దుబ్బు దొరికితే రెండు మూడేళ్ళలో తోట గట్టు మొత్తం నింపుకోవచ్చు.

ఇక్కడ ఐదు గడ్డి జాతుల గురించి చెబుతాను: వట్టివేరు, నిమ్మగడ్డి, కొండచీపురు, గులాబీ వాసన వచ్చే పామారోజా, రెల్లు. దర్భ, గరికల ప్రస్తావన కూడా వస్తుంది.

ముందు గడ్డి స్వభావం తెలుసుకోవాలి

గడ్డిని వృద్ధి చేయడం కష్టమైన పని కాదు. కొన్నిటిని అదుపులో ఉంచడమే కష్టం. అందుకే పార పట్టుకునే ముందు ఆ గడ్డి ఎలా పెరుగుతుందో చూడండి.

కొన్ని దుబ్బుగా పెరుగుతాయి. ఏటా చుట్టూ కొత్త పిలకలు వేస్తూ, ఉన్నచోటనే లావెక్కుతాయి. వట్టివేరు, నిమ్మగడ్డి, పామారోజా ఈ రకం. కొండచీపురు కూడా ఇంచుమించు ఇంతే, పొట్టి భూకాండంతో, అంటే నేల లోపల పెరిగే కాండంతో, నెమ్మదిగా విస్తరిస్తుంది. వీటిని ధైర్యంగా నేలలో పెట్టవచ్చు.

మరికొన్ని పాకేవి. రెల్లు, దర్భ నేల లోపల కాండాన్ని పొడుగ్గా పంపి, మూరెడు దూరంలో మళ్ళీ మొలుస్తాయి. గరిక నేల మీదా పాకుతుంది, లోపలా పాకుతుంది. రెల్లునూ దర్భనూ ఇంటి తోటలో నేరుగా నేలలో పెట్టవద్దని నా గట్టి సలహా. తొట్టిలోనే పెంచండి. ఒకసారి నేలలో పాతుకున్నాక తవ్వి తీసినా, మిగిలిన చిన్న ముక్క నుంచే మళ్ళీ లేస్తాయి.

ఎప్పుడు మొదలుపెట్టాలి

ఇవన్నీ వేడిలో ఎదిగే గడ్డి జాతులు. నేల వెచ్చగా ఉండి, పైన తేమ ఉన్నప్పుడు విడదీస్తే వారం పది రోజుల్లో మొవ్వు కదులుతుంది. తెలంగాణలోనూ కోస్తాలో ఎక్కువ భాగంలోనూ మృగశిర కార్తె వానలు ఒకటి రెండు పడి, నేల లోపలి దాకా తడిశాక మొదలుపెట్టడం మంచిది. జూన్ రెండో సగం నుంచి ఆగస్టు దాకా సమయం ఉంటుంది. నెల్లూరు, తిరుపతి వైపు ఈశాన్య రుతుపవనాల వానే ఎక్కువ కాబట్టి అక్కడివారు అక్టోబరు వానలకు నాటుకున్నా బాగా నాటుకుంటాయి.

నీటి వసతి ఉంటే ఫిబ్రవరి చివర కూడా విడదీయవచ్చు. డిసెంబరు, జనవరి చలిలో మాత్రం వద్దు. అప్పుడు గడ్డి ఎదుగుదల నెమ్మదిస్తుంది, కోసిన మొదళ్ళు కుళ్ళే అవకాశం ఎక్కువ. రోహిణి కార్తె ఎండలో చేస్తే నాటిన పిలకలకు రోజుకు రెండుసార్లు నీళ్ళు పోసినా సరిపోవు.

తల్లి దుబ్బు ఎక్కడ దొరుకుతుంది

వట్టివేరు, నిమ్మగడ్డి నర్సరీల్లో సులువుగా దొరుకుతాయి. కడియం వైపు వెళితే అడగండి. సుగంధ గడ్డి జాతుల మీద పనిచేసే కేంద్ర సంస్థ సీమ్యాప్‌కు హైదరాబాద్ బోడుప్పల్‌లో పరిశోధన కేంద్రం ఉంది, నాటే సామగ్రి గురించి అక్కడ విచారించవచ్చు. నిమ్మగడ్డికి ఇంకో తేలిక దారి ఉంది. కూరగాయల మార్కెట్లో అమ్మే కాడల్లో అడుగు భాగం గట్టిగా, పూర్తిగా ఉన్నవి ఏరి, రెండంగుళాల నీటిలో నిలబెట్టండి. రోజు మార్చి రోజు నీళ్ళు మారిస్తే ఒకటి రెండు వారాల్లో తెల్లటి వేర్లు వస్తాయి. అడుగు చక్రం కోసేసిన కాడకు వేర్లు రావు, కొనేటప్పుడు చూసుకోండి.

కొండచీపురు కావాలంటే అరకు, పాడేరు ప్రాంతాల్లో దీన్ని పెంచే రైతులను అడగడం ఉత్తమం. అక్కడి గిరిజనులకు ఇది ఆదాయం. గిరిజన సహకార సంస్థ కొండచీపుర్లను కొంటుంది కూడా. వారి పంటలోంచి ఒక దుబ్బు అడిగి, డబ్బిచ్చి తెచ్చుకోండి. అడవిలోంచి మాత్రం తవ్వి తేవద్దు. రిజర్వు అడవి నుంచి మొక్క పెకలించడం చట్టరీత్యా తప్పు, వాలు మీద దుబ్బు తీస్తే అక్కడి మట్టి కూడా వానకు పోతుంది. రెల్లు అయితే కాలవ గట్టునో ఖాళీ స్థలంలోనో యజమానిని అడిగి అంచు నుంచి నాలుగైదు పిలకలు తీసుకుంటే చాలు.

ఎక్కడి నుంచి తెచ్చినా మట్టిని బాగా వెతకండి. పొలం మట్టిలో తుంగ గడ్డలు, గరిక వేర్లు కలిసి వస్తాయి. ఒక్క తుంగ గడ్డ తోటలోకి వచ్చిందంటే ఏళ్ళ తరబడి వదలదు. అనుమానంగా ఉంటే మట్టంతా కడిగేసి, వేర్లను శుభ్రంగా చూసి, అప్పుడు నాటండి.

దుబ్బును విడదీయడం

అసలు పని ఇదే, కాబట్టి వివరంగా చెబుతాను. కావలసినవి: పార, గడ్డపార, పదునైన కత్తి లేదా కొడవలి, ఒక బకెట్ నీళ్ళు, తడి గోనెసంచి, మందపాటి చేతి తొడుగులు. నిండు చేతుల చొక్కా తప్పనిసరి. రెల్లు, వట్టివేరు ఆకుల అంచులు గరుకుగా ఉండి చర్మాన్ని కోసేస్తాయి.

మొదటి పని, ముందురోజు సాయంత్రం దుబ్బుకు నీళ్ళు పట్టడం. మట్టి పదునుగా ఉంటే వేర్లు తెగకుండా లేస్తాయి. మరీ బురదగా ఉంటే మట్టిగడ్డ జారిపోతుంది, కాబట్టి పోసిన వెంటనే తవ్వకండి.

మర్నాడు పొద్దున్నే లేదా మబ్బు పట్టినప్పుడు ఆకులను నేల నుంచి జానెడు ఎత్తున కోసేయండి. ఈ మెట్టు దగ్గర చాలామందికి చెయ్యి ఆడదు, పచ్చటి ఆకులను కోయడానికి మనసొప్పదు. కానీ తవ్వినప్పుడు వేర్లు కొన్ని తప్పకుండా తెగుతాయి. మిగిలిన కాసిని వేర్లు అంత పొడవు ఆకులకు నీరందించలేవు, పిలక మొత్తం వడలిపోతుంది. ఆకు తగ్గిస్తేనే పిలక బతుకుతుంది.

తర్వాత దుబ్బు చుట్టూ ఒక జానెడు దూరం వదిలి పారతో నలువైపులా లోతుగా దించండి. ఒక పక్క నుంచి గడ్డపార అడుగుకు దూర్చి ఎత్తండి. వట్టివేరు పెద్ద దుబ్బు పూర్తిగా లేవదు. దాని వేర్లు నిలువుగా చాలా లోతుకు, మంచి నేలలో మొదటి ఏడాదిలోనే మూడు మీటర్ల దాకా దిగుతాయి. అడుగున పారతో కోసేయండి, మిగిలిన మొదలుకు నష్టం లేదు.

ఇప్పుడు దుబ్బును పరీక్షగా చూడండి. మూడేళ్ళు దాటిన దుబ్బులో మధ్యభాగం ఎండి, కట్టెలా గట్టిపడి ఉంటుంది. దాన్ని తీసి పారేయండి. బలమైన పిలకలు అంచుల్లోనే ఉంటాయి. మొదట చేత్తో విడదీయడానికి చూడండి. వీలుకాకపోతే కత్తి దించి కోయండి. ఒక్కో ముక్కలో కనీసం మూడు పిలకలు, వాటి కింద వేర్లు ఉండాలి. వట్టివేరుకు రెండు మూడు పిలకలు చాలు. ఒంటి పిలకతో కూడా వస్తుంది గానీ కొన్ని చస్తాయి, నింపుకోవడానికి సమయం పడుతుంది. ఒకటే దుబ్బు ఉండి ఎక్కువ మొక్కలు కావాలనుకునేవారు ఒంటి పిలకలను నేరుగా నేలలో పెట్టకుండా చిన్న సంచుల్లో పెంచడం మేలు.

విడదీసిన ప్రతి ముక్కకూ ఎండిన ఆకుపొరలు ఒలిచి, వేర్లను రెండు మూడు అంగుళాలకు కత్తిరించండి. పొడవాటి వేర్లు గుంతలో మడతపడితే కుళ్ళిపోతాయి. సిద్ధమైనవాటిని అప్పటికప్పుడే తడి గోనెసంచిలో చుట్టి నీడన పెట్టాలి. అరగంట ఎండ తగిలినా పిలకలు దెబ్బతింటాయి. వట్టివేరు పిలకలను పలచటి పేడనీళ్ళలో మొదళ్ళు మునిగేలా రెండు మూడు రోజులు నీడన ఉంచితే, కొత్త వేర్ల మొనలు వచ్చినవి ఏవో తెలుస్తుంది. వాటినే నాటితే చాలావరకు నిలుస్తాయి.

నాటే లోతు

పిలక చనిపోవడానికి ఎక్కువసార్లు కారణం లోతే. వేరు, ఆకు కలిసే మొదలు భాగం నేలమట్టానికి సరిగ్గా సమంగా ఉండాలి. లోతుగా పెడితే వానకు మొవ్వు దగ్గర నీరు నిలిచి కుళ్ళుతుంది. పైకి ఉంటే వేర్లు ఎండుతాయి. గుంత తీసి, ఒక గుప్పెడు బాగా చివికిన పశువుల ఎరువు, కాస్త వేపపిండి కలిపి, పిలకను నిలబెట్టి, చుట్టూ మట్టిని వేళ్ళతో గట్టిగా నొక్కండి. చెదలు ఉన్న ఎర్రనేలల్లో వేపపిండి వదలకండి, కోసిన మొదళ్ళంటే చెదలకు ఇష్టం. పచ్చిపేడ, యూరియా ఇప్పుడు వద్దు.

సంచుల్లో పెంచేటట్లయితే రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు చివికిన ఎరువు కలపండి. చెట్టు నీడన పెట్టి, కొత్త ఆకులు జానెడు వచ్చాక మెల్లగా ఎండకు మార్చండి. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో నేలలోకి మార్చుకోవచ్చు. చెట్టు కింద ఉంచినవాటిని ఒక్కసారిగా నడి ఎండలో పెట్టకండి, ఆకులు తెల్లబడతాయి.

వాన లేని రోజుల్లో మొదటి మూడు వారాలు మట్టి తడి ఆరకుండా చూడాలి. మూడు వారాల తర్వాత పిలకను మెల్లగా పైకి లాగి చూడండి. లేచి రాకుండా పట్టుకుంటే వేరు దిగినట్టే. అప్పటి నుంచి నీళ్ళు తగ్గించుకుంటూ రావాలి.

ఒక్కో గడ్డి సంగతి

వట్టివేరు గట్టు మీదికి సాటిలేనిది. వాలున్న స్థలంలో వాలుకు అడ్డంగా, పిలకకూ పిలకకూ నాలుగు నుంచి ఆరంగుళాల దూరంలో వరుసగా నాటితే ఒకటి రెండేళ్ళలో పచ్చటి కంచెలా కలిసిపోయి, వాననీటి వేగాన్ని తగ్గించి, మట్టిని ఆపేస్తుంది. కర్ణాటకలో గుండ్లుపేట వైపు రైతులు దీన్ని తరతరాలుగా పొలం హద్దుగా పెంచారు. 1980లలో ప్రపంచ బ్యాంకు నిపుణులు నేల కోతకు విరుగుడుగా ఇదే గడ్డిని ప్రచారం చేశారు. మన దక్షిణాదిలో సాగయ్యే రకం మొలిచే గింజ ఇవ్వదు, భూకాండంతో పాకదు. అంటే మీరు నాటినచోట తప్ప ఇంకెక్కడా రాదు. ఇంటి తోటకు ఇంతకంటే మంచి లక్షణం ఉండదు. వట్టివేరు కాడలు దొరికితే రెండు కణుపులున్న ముక్కలుగా కోసి తడి ఇసుకలో పడుకోబెట్టినా మొలకలు వస్తాయి, కాస్త ఓపిక కావాలి.

నిమ్మగడ్డికి మొక్కకూ మొక్కకూ రెండడుగులు వదలండి. మన పెరళ్ళలో పెంచే రకం పూత పూయడమే అరుదు, కాబట్టి పిలకలే దారి. కేరళలో నూనె కోసం సాగు చేసే మరో జాతి ఉంది, దాన్ని గింజతో పెంచుతారు. ఓడక్కలిలోని పరిశోధన కేంద్రం 1951లో మొదలైంది ఆ నిమ్మగడ్డి కోసమే. నాటిన మూడు నాలుగు నెలల తర్వాత టీలోకి ఆకు కోసుకోవచ్చు. మూడేళ్ళకోసారి విడదీయకపోతే దుబ్బు మధ్య బోసిపోతుంది.

కొండచీపురు వెదురును తలపించే వెడల్పాటి ఆకులతో ఆరేడు అడుగులు లేస్తుంది. చలికాలం చివర మెత్తటి కంకులు వంగి వేలాడతాయి. మనం ఇల్లు ఊడ్చే చీపురు ఆ కంకులే. మైదానాల్లో పెంచేవారు మధ్యాహ్నపు ఎండ తగలని చోటు చూడాలి, ఇంటికి తూర్పు వైపు బాగుంటుంది. విడదీసేటప్పుడు ప్రతి ముక్కలో ఒక కాండం, దాని పక్కన మొలవబోయే మొగ్గ ఉన్న భూకాండం ఉండేలా కోయండి. మొక్కల మధ్య ఐదారు అడుగులు వదలాలి. కంకులు రెండో ఏడాది నుంచి వస్తాయి, మొదటి ఏడు రాలేదని బెంగపడకండి. నీరు నిలిచే నల్లరేగడిలో మాత్రం దీన్ని ఎత్తు మడి మీదే పెట్టాలి.

రెల్లు తొట్టికి కనీసం ఒకటిన్నర అడుగు వెడల్పు ఉండాలి. సిమెంటు తొట్టి లేదా సగానికి కోసిన డ్రమ్ము బాగుంటుంది. అడుగు రంధ్రాల మీద జాలీ వేయండి, లేకపోతే భూకాండం రంధ్రంలోంచి నేలలోకి దిగిపోతుంది. తొట్టిని మట్టి మీద కాకుండా బండ మీద పెట్టండి. పూర్తి ఎండ కావాలి, నీడలో పూత రాదు. వానలు తగ్గుముఖం పట్టాక, దసరా ముందువెనుకల్లో గోదావరి లంకల్లో కనిపించే ఆ తెల్లటి పూత మీ మేడ మీదకూ వస్తుంది. గింజకు దూది కట్టినట్టుంటుంది, గాలికి కొట్టుకుపోతుంది. కాబట్టి పూత పూర్తిగా విచ్చుకుని రాలడం మొదలవగానే కంకులు కోసేయండి. చుట్టుపక్కల ఖాళీ స్థలాలుంటే ఇది మరీ ముఖ్యం. చెరుకులాగే కణుపు ముక్కలతో కూడా దీన్ని పెంచవచ్చు. రెండూ దగ్గరి చుట్టాలు. కోయంబత్తూరు చెరుకు పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్తలు బార్బర్, వెంకట్రామన్ లావు చెరుకును ఈ రెల్లుతోనే సంకరం చేసి కో 205 అనే రకం తీశారు. 1918లో విడుదలైన ఆ రకంతో ఉత్తరాది చెరుకు సాగు రూపు మారింది. పనికిరానిదని మనం తీసిపారేసే గడ్డికి ఇంత చరిత్ర ఉంది.

దర్భ పూజకు కావాలనుకునేవారు కూడా ఇదే తొట్టి పద్ధతి పాటించండి. గరికకు విడిగా పద్ధతి అక్కర్లేదు, రెండు మూడు కణుపులున్న ముక్కను తడి మట్టిలో గుచ్చితే వస్తుంది.

గింజతో పెంచడం: పామారోజా

గింజ నుంచి పెంచాలన్న సరదా ఉంటే పామారోజాతో మొదలుపెట్టండి. దక్కన్ ఎండను తట్టుకునే గడ్డి ఇది. నడుము దాటి ఎదిగి, వానాకాలం చివర పూసి, కంకులు ముదిరేకొద్దీ ఇటుక రంగుకు తిరుగుతాయి. ఆకు నలిపితే గులాబీ వాసన. ఆకు మొదలు గుండె ఆకారంలో కాడను చుట్టుకుని ఉంటుంది, గుర్తుపట్టడానికి అదే ఆనవాలు.

కంకిని అరచేతిలో నులిమితే గింజలు తేలిగ్గా రాలిపడే దశలో కోయాలి. పేపరు సంచిలో వేసి నీడన ఆరబెట్టండి, ప్లాస్టిక్ కవర్లో పెడితే బూజు పడుతుంది. గడ్డి కంకుల్లో తాలు ఎక్కువ. నాలుగు గింజలు తీసి గోటితో నొక్కి చూడండి, గట్టిగా తగిలితేనే లోపల పప్పు ఉన్నట్టు. కోసిన వెంటనే చల్లితే సరిగా మొలవవు, కొన్ని నెలల నిద్ర కావాలి. చలికాలంలో తీసిన గింజ మే చివరకు సరిగ్గా సిద్ధమవుతుంది.

గింజ చాలా సన్నం కాబట్టి పదింతల పొడి ఇసుకతో కలిపి ట్రేలో చల్లండి. పైన పలచగా కోకోపీట్ జల్లితే చాలు, మందంగా కప్పితే బయటికి రాలేవు. నీళ్ళు స్ప్రేతోనే కొట్టాలి. ఒకటి నుంచి రెండు వారాల్లో మొలకలు కనిపిస్తాయి. ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది: గడ్డి మొలకలన్నీ ఒక్కలాగే ఉంటాయి. పెరటి మట్టి వాడితే అందులోని కలుపు గింజలు కూడా మొలిచి, ఏది మనదో తెలియదు. అందుకే ట్రేలో కోకోపీట్, వర్మీకంపోస్టు మాత్రమే వాడండి, పేరు రాసి గుచ్చండి. నాలుగు నుంచి ఆరు వారాలకు బెత్తెడు ఎత్తు దాటాక మూడు నాలుగు మొక్కలను కలిపి ఒక్కో పాదులో, ఒకటిన్నర నుంచి రెండడుగుల దూరంలో నాటండి.

కొండచీపురు కూడా గింజతో వస్తుంది. దాని గింజ ఇంకా సన్నం, పాతబడితే మొలకెత్తే శక్తి పోతుంది. తాజా గింజను మట్టి పైనే చల్లి, కప్పకుండా, తడి ఆరకుండా నీడన ఉంచాలి. పిలకలు దొరికేవారికి ఈ శ్రమ అక్కర్లేదు.

బయటి దేశాల్లో ఉన్నవారికి

అమెరికాలో ఉన్న తెలుగువారు రెల్లు, దర్భ విషయంలో జాగ్రత్తగా ఉండాలి. రెల్లు అక్కడి ఫెడరల్ నిషేధిత కలుపు జాబితాలో ఉంది. మన దగ్గర కొందరు దర్భ అనే పిలిచే మరో గడ్డి, అక్కడ కోగన్ గ్రాస్ అంటారు, అది కూడా అదే జాబితాలో ఉంది. గింజలు పెట్టెలో వేసుకెళ్ళవద్దు. నిమ్మగడ్డి, వట్టివేరు అక్కడే దొరుకుతాయి. నేల గడ్డకట్టే చోట్ల కుండీలో పెంచి చలికాలం లోపల పెట్టుకోవాలి. టెక్సస్‌లో ఉన్నవారు అక్కడి సొంత గడ్డి గల్ఫ్ మ్యూలీ పెంచితే శరదృతువులో గులాబీ రంగు పూత చూడవచ్చు. విడదీసే పద్ధతి ఇదే, కాలం మాత్రం వసంతం.

నాటాక ఏటా చేయాల్సినవి

మొదటి ఏడాది కలుపు తీయడం ఒక్కటే పెద్ద పని. రెండో ఏడాది నుంచి దుబ్బే కలుపును అణిచేస్తుంది. వేసవిలో ఆకులు ఎండి గడ్డివాములా కనిపిస్తే చచ్చిందనుకోకండి, మొదలు బతికే ఉంటుంది. మే చివర, వానలకు ముందు, జానెడు వదిలి మొత్తం కోసేయండి. నిప్పు పెట్టవద్దు. కోసిన ఆకును అక్కడే మొక్కల మధ్య పరిస్తే తేమ నిలుస్తుంది. వట్టివేరు ఆకు దీనికి బాగా పనికొస్తుంది, త్వరగా చివకదు. ఎరువు ఏడాదికోసారి రెండు గుప్పెళ్ళు చాలు, ఎక్కువైతే కాడలు మెత్తబడి పడిపోతాయి.

వట్టివేరు వేరు కావాలనుకుంటే కొన్ని మొక్కలను లోతైన డ్రమ్ములో ఇసుక ఎక్కువ కలిపిన మట్టిలో పెట్టండి. పన్నెండు నుంచి పద్దెనిమిది నెలల మధ్య డ్రమ్మును పక్కకు ఒరిగించి దులిపితే వేరు చెక్కుచెదరకుండా వస్తుంది. కడిగి నీడన ఆరబెట్టి, మంచినీళ్ళ కుండలో వేసుకోవచ్చు, కిటికీకి తడికగా అల్లుకోవచ్చు. వేరు కోసేటప్పుడు మొదలు కింద రెండంగుళాలు వదిలేయండి. ఆ పిలకలనే అదే రోజు మళ్ళీ డ్రమ్ములో నాటండి.